అక్కల మడుగు మన్ను

నేను ఎవరినీ ఊరికే నమ్మను. ఈ మాట ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం. బుట్ట అడుగున చెయ్యి పెట్టి కింది చేప చూడందే బేరం ఒప్పుకునేదాన్ని కాదు. "నీకు అనుమానం పాలతోనే పోసినారు మే" అని మా ఆయన ముత్యాలయ్య ఎకసెక్కం ఆడేవాడు. పోస్తే పోశారు. ఆ ఎండాకాలం నా అనుమానమే లేకుంటే మా మరిది పోలేరయ్య గతి ఏమయ్యేదో ఆయన్నే చెప్పమనండి.

చైనావాళ్ళతో యుద్ధం జరిగిన మరుసటి ఏడు అది. మాది విడవలూరుకి తూర్పున సముద్రం ఒడ్డు పాలెం. ఆ ఏడు చలి వెనకబడుతుండగా సొసైటీ తరఫున మా పాలేనికి ఒక నైలాను వల వచ్చింది. అంతకుముందు మేమెరిగింది నూలు వల ఒక్కటే. నూలు వలను సాకడమంటే చంటిబిడ్డను సాకడమే. ఒడ్డుకు రాగానే ఇసుక మీద ఆరెయ్యాలి, తుమ్మచెక్క ఉడకబెట్టిన నీళ్ళలో ముంచి రంగు పట్టించాలి. తడి వలను నాలుగు రోజులు మూలన పారేశామా, చీకిపోయి చేతికి పేలికలు వస్తాయి. ఈ కొత్త వలకి అవేమీ అక్కర్లేదని ఫిషరీసు ఆఫీసరు చెప్పి వెళ్ళాడు. తెల్లగా, సన్నగా, నూలు వలలో సగం బరువైనా లేకుండా ఉంది. నీళ్ళలో వేస్తే కంటికి ఆనదు. పడవలన్నీ వంతులు వేసుకుని దాన్ని వాడుకున్నాయి. మా ఆయన వంతు వచ్చిన రోజు చేపలు మోయలేక నా మెడ పట్టుకుపోయింది.

అదే పాలెంలో నాలుగిళ్ళ అవతల నా పుట్టిల్లు. మా నాయన కామాక్షయ్య వలలు అల్లేవాడు. చుట్టుపట్ల పాలేల్లో కామాక్షయ్య చేతి వలంటే పెట్టింది పేరు. ఆయన ఆ తెల్ల వలను ఒక్కసారి వేళ్ళతో నలిపి చూసి, "ఇది వల గాదమ్మే, దొంగసరుకు. చేపకే కనబడంది మనిషికేం కనబడుద్ది?" అని పంచె దులుపుకొని లేచిపోయాడు. ఆ తర్వాత వల తెచ్చి ఆయన ముందర పెట్టేవాళ్ళు తగ్గిపోయారు. ఆయన అరుగు మీద దారం చుట్టిన కర్ర పట్టుకుని ఉత్తినే కూర్చునేవాడు. నేను పోయి పలకరిస్తే ఎండ గురించి మాట్లాడేవాడు.

ఫాల్గుణంలో ఆ నైలాను వల మాయమైంది.

ఆ పూట దానికి కాపలా మా పోలేరయ్య. వాడు పక్కూళ్ళో వీధినాటకం ఆడుతున్నారని తెలిసి, వలను పడవల నడుమ ఉన్నచోటే వదిలి చక్కా పోయాడు. తిరిగొచ్చేసరికి ఉత్త ఇసుక. నేను కాపురానికొచ్చినప్పుడు వాడికి ఒంటి మీద లాగూ కూడా లేదు. అత్త లేని ఇంట్లో వాడికి తలంటి, అన్నం పెట్టి, మీసం వచ్చేదాకా సాకింది నేను. వాడు పని ఎగ్గొడతాడు, నాటకాల పిచ్చోడు, అవన్నీ నిజమే. దొంగ మాత్రం కాదు. దొంగతనం చెయ్యాలంటే ముందు చూపుండాలి. వాడికి మధ్యాహ్నం ఏం తింటాడో పొద్దున తెలియదు.

పాలెం మాత్రం వాడినే పట్టుకుంది. "గూడూరు పక్క అమ్మేసినాడంట", "అరవోళ్ళ పడవ కెత్తినాడంట", ఇట్లా రోజుకొక మాట. నేను ఊరుకుంటానా! నా లెక్కలో నాకూ దొంగలున్నారు. మొదటిది పొరుగింటి మస్తానమ్మ. నిప్పు కావాలనే వంకతో వాళ్ళింట్లో దూరి, ఆమె పొయ్యి ఊదుతుంటే నేను అటక మీదికి తల పెట్టి చూశాను.

"నిప్పు అటక మీద వుండాదా గురవమ్మా?" అంది వెనకనుంచి.

"పిల్లి దూరినట్టుంటే చూస్తుండా అక్కా."

"మా యింట్లో పిల్లే లేదు."

"అందుకే చూస్తుండా, యాడ్నించి వచ్చిందా అని!"

ఆమె నాతో మాట్లాడటం మానేసింది. దానివల్ల నాకు పెద్ద నష్టం ఏమీ లేదు.

రెండో అనుమానం పెదకాపు హజరత్తయ్య మీద. మా పాలెంలో తగువులన్నీ తీర్చే పెద్ద ఆయనే. ఆయన కొడుక్కి పోలేరయ్య స్థానంలో మా పడవెక్కాలని ఎప్పటినుంచో ఉంది. పోలేరయ్య దొంగని తేలితే ఆ చోటు ఖాళీ అవుతుంది గదా! ఈ మాట మా ఆయనతో అంటే ఆయన చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"పెదకాపును గూడా అనుమానించినావంటే నన్నెందుకొదిలినావు?"

"నిన్నొదిలినానని ఎవురు జెప్పినారు?" అన్నాను.

ఆ పూట ఆయన అన్నం తినలేదు.

ఉగాది దాటాక ఒడ్డు మీద కూటం పెట్టారు. పోలేరయ్య తనకేమీ తెలియదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినలేదు. చివరకు హజరత్తయ్య గొంతు సవరించుకుని, "అయితే అక్కల మడుగులో మన్ను తియ్యాల. అదే తేలుస్తాది" అన్నాడు.

అక్కల మడుగు అంటే మా వైపు పసిపిల్లకు కూడా తెలుసు. పాలేనికి ఉత్తరాన సర్వి తోపులు దాటి, ఇసుక దిబ్బలు ఎక్కి దిగి, మొగలి పొదల్లోంచి దారి చేసుకుని పోతే వస్తుంది. చుట్టూ ఉప్పునీళ్ళే అయినా అందులో మాత్రం తియ్యటి నీళ్ళు. పూర్వం ఏడుగురు అక్కచెల్లెళ్ళు దాహంతో సముద్రం మీదుగా మా పాలేనికి వచ్చారట. మంచినీళ్ళు అడిగితే మావాళ్ళు, ఉన్న నీళ్ళు దాచుకుని, లేవని చెప్పారట. వాళ్ళు ఆ దిబ్బల నడుమ చేతులతో ఇసుక తవ్వుకుని, ఊరిన నీళ్ళు తాగి, ఆ నీళ్ళలోనే దిగి ఉండిపోయారట. అప్పటినుంచీ అబద్ధం చెప్పినవాడు అందులో దిగితే చిన్నక్క కాలు పట్టుకుంటుంది. అబద్ధమాడింది మగవాళ్ళు, ఆ మడుగు పేరు చెబితే జడుసుకునేది మేము. ఎంత నీళ్ళ కరువొచ్చినా అందులో బిందె ముంచినవాళ్ళు లేరు. ఈత కొట్టినవాళ్ళు అసలే లేరు. ఏళ్ళకొకసారి ఇట్లా ప్రమాణం వస్తేనే మనుషులు అటు పోతారు. మునిగి, అడుగునున్న నల్లమన్ను పిడికిట తెస్తే నిజాయితీపరుడు. తేలేకపోతే దొంగ. నా పెళ్ళయ్యాక అట్లాంటి ప్రమాణం ఒక్కటీ జరగలేదు.

అప్పుడు కూటంలో లేచి నిలబడింది మా నాయన.

"మడుగొద్దు హజరత్తయ్యా. పడుచోడు. పోలేరమ్మ ముందర కర్పూరం ఆర్పి ప్రమాణం జేస్తే చాల్దా?"

"కర్పూరం ఎవురైనా ఆర్పతారు కామాక్షయ్యా."

"నీళ్ళు లోతు. అడుగున ఏముండాదో ఎవురికెరుక? వాడికేమన్నా అయితే ఎవురు పూచీ?"

"నిజమోడికి ఏం గాదు."

మా నాయన ఇంకా ఏదో అనబోయాడు. అంతలో పోలేరయ్యే, "మునుగుతా మామా. నాకేం బయ్యం? మన్నేగదా, బుట్టెడు తెస్తా" అని నవ్వాడు. మా నాయన కూర్చుండిపోయాడు. అంతమందిలో నా మరిది తరఫున నోరు తెరిచింది నన్ను కన్న మనిషి ఒక్కడే అని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. కట్టుకున్నవాడు తల వంచుకుని ఇసుకలో గీతలు గీస్తున్నాడు.

శుక్రవారం పొద్దున ఊరంతా మడుగు దగ్గరికి పోయాం. ఆడవాళ్ళు దిబ్బ మీదనుంచే చూడాలి, కిందికి దిగకూడదు. పోలేరయ్య గోచీ పెట్టుకుని, నెత్తిన పసుపునీళ్ళు పోయించుకుని, నీళ్ళలోకి నడిచాడు. నడుము దాకా వెళ్ళి నావైపు చూసి చెయ్యి ఊపాడు, తిరనాళ్ళకు పోతున్నవాడి మాదిరి. తర్వాత మునిగాడు.

నీళ్ళు సద్దుమణిగాయి. నేను ఊపిరి బిగబట్టాను. నా ఊపిరి అయిపోయింది, మళ్ళీ పీల్చాను, అదీ అయిపోయింది. అప్పుడు మడుగు నడుమ నీళ్ళు కుతకుతలాడాయి. ఒక చెయ్యి పైకొచ్చి మళ్ళీ లోపలికి పోయింది. "పట్టుకున్నింది! చిన్నక్క పట్టుకున్నింది!" అని మస్తానమ్మ కేక పెట్టింది. ఒక్క మగాడు దిగలేదు. మా ఆయన దిగబోతే నలుగురు పట్టుకున్నారు. నేను దిబ్బ దిగి పరిగెత్తుతుంటే కొంగు మొగలి ముళ్ళకు తగులుకుని సగం చిరిగింది. నేను చేరేలోపలే వాడు తనంతట తాను పైకొచ్చి, ఒడ్డు పట్టుకుని, నీళ్ళు కక్కుతూ పడిపోయాడు. వాడి రెండు చేతులూ ఖాళీ.

తీర్పు అక్కడే అయిపోయింది. ఇక మీద పోలేరయ్య ఏ పడవా ఎక్కకూడదు, వాడి చేతినుంచి ఎవరూ నీళ్ళు తాగకూడదు. మా నాయన ఎటో వెళ్ళిపోయాడు. సాయంత్రం పసుపు, సున్నం కలిపిన ముద్ద ఆకులో పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "కాలికి పుయ్యి" అని గుమ్మంలో నా చేతికిచ్చి, లోపలికి రాకుండా, వాడి కాలు వైపు చూడకుండా పోయాడు. ఎంత మెత్తని మనసో అనుకున్నాను.

పోలేరయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం ముట్టడు. మూడు మాటలడిగితే ఒకటి చెబుతాడు.

"వొదినా, నేను దొంగనేమో."

"నీ మొహం! ఎత్తుకుపోయింటే నీకు తెలీదంట్రా?"

"నాటకం కాడ కల్లు తాగినా. వొచ్చేటప్పుడు ఏం జేసినానో నాకు జ్ఞాపకం లేదు. చిన్నక్క వూరికే పట్టుకుంటాదా?" అని వాడు ఏడ్చాడు. "నేను మద్రాసు పోతా. హార్బర్లో మూటలు మోస్తా. ఈడ వుండలేను."

లేనిపోని దొంగతనం వాడే నెత్తిన వేసుకుంటున్నాడు. అట్లాగే కొన్నాళ్ళుంటే నమ్మేస్తాడు కూడా. ఆ కోపంతోనే వాడి కాలు ఒళ్ళో పెట్టుకుని మందు రాస్తూ సరిగ్గా చూశాను. మడమ పైన చుట్టూ ఒక గాటు. ఊరంతా చిన్నక్క గోళ్ళు అంటున్నారు. గోళ్ళు గీరితే పైనుంచి కిందికి గీరతాయి. ఇది కాలు చుట్టూ తిరిగింది. నూలు తాడు ఒరుసుకుంటే చర్మం వెడల్పుగా కమిలిపోతుంది, నేనెన్ని చూడలేదు! ఇది కత్తితో గీసినంత సన్నం. పక్కనే ఇంకొకటి, దాన్ని అడ్డంగా దాటుతూ మరొకటి. ఆ మడుగులో అక్కలు ఉన్నారో లేదో గానీ, మనిషి చేతి పని ఏదో మాత్రం ఉంది.

మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఆపుతాడు, లేదా పెదకాపుతో చెబుతాడు. మర్నాడు మగవాళ్ళు వేటకు పోయాక, చేపలు కోసే చాకు నడుముకి దోపుకుని, సర్వి పుల్లలకని చెప్పి బయల్దేరాను. మిట్టమధ్యాహ్నం. ఇసుక కాలుతోంది. మొగలి పొదలకు ఎప్పటివో పసుపు గుడ్డలు కట్టి ఉన్నాయి, ఎండకు రంగు పోయి. చుట్టూ పురుగు కూత కూడా లేదు. ఎవరో వెనకాల వస్తున్నట్టు నాలుగైదు సార్లు తిరిగి చూశాను. వచ్చింది నా అడుగుల జాడలే.

భయం లేదని చెబితే అది అబద్ధం. ఆ మడుగు దగ్గర అబద్ధాలు చెప్పకూడదు గదా. చిన్నప్పుడు ఉప్పుటేట్లో ఈత నేర్చినదాన్నే అయినా వెంటనే దిగలేదు. ఒడ్డున నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. "అమ్మల్లారా, వాణ్ణి పట్టింది మీరయితే నన్ను గూడా పట్టండి. మనుషులయితే నేను వాళ్ళను పడతాను" అని గట్టిగానే చెప్పి దిగాను.

పైన నీళ్ళు గోరువెచ్చన. మెడ దాకా వచ్చేసరికి కింద కాళ్ళు చల్లబడ్డాయి. నోట్లోకి పోయిన నీళ్ళు తియ్యగా ఉన్నాయి. ఊపిరి పట్టి మునిగాను. ముందు చేతికి నల్లమన్ను తగిలింది, వెన్నముద్దలాగా. అంత సులువుగా దొరికే మన్ను నా మరిదికి దొరకలేదు, చూడండి! ఇంకాస్త నడుమకు జరిగాను. వేళ్ళకు ఏదో చుట్టుకుంది. కళ్ళు తెరిస్తే ఏమీ కనపడలేదు. కంటికి ఆనదు, చేతిని మాత్రం వదలదు. నోరు తెరిచి అరవబోయి నీళ్ళు మింగాను. చాకు తీసి కసిగా కోశాను. చెయ్యి వదులైంది. పైకి తేలి దగ్గి, దగ్గి, ఆ పిడికిట్లో ఉన్నది ఎండలో చూసుకున్నాను.

తెల్లటి నైలాను దారం.

ఇంకా చాలాసార్లు మునగాల్సి వచ్చింది. వల చుట్టలో పెద్ద పెద్ద రాళ్ళు మూటగట్టి ముంచారు. మూట వదులై ఒక కొస నీళ్ళలోకి పైకి తేలింది. పోలేరయ్య కాలు అందులో పడింది. రాళ్ళు విడదీసి, ఈడ్చి ఒడ్డున పడేసేసరికి నా నడుము విరిగింది. నెల దాటి నీళ్ళలో ఉన్న వల, బురద కడిగేస్తే సొసైటీ వాళ్ళు విప్పి చూపించిన రోజున ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ఈ వల తీసుకుపోయి ఒడ్డున పడేస్తే ఏమంటారు? "చూసినారా, దాచింది వాడే, దాచినకాడే చిన్నక్క పట్టుకున్నింది" అనరూ? నాకే తట్టిన మాట ఊరికి తట్టదా? ఎవరు ముంచారో తేలితే తప్ప వల దొరికీ లాభం లేదు. పైపెచ్చు వాడికింకా చేటు. వలను మొగలి పొద కింద ఇసుకలో కప్పెట్టాను. ఎవరితో చెప్పుకోవాలా అని ఆలోచిస్తే, కూటంలో నోరు తెరిచిన మనిషి ఒక్కడే కదా గుర్తొచ్చేది. తడి జుట్టుతోనే మా నాయన దగ్గరికి పోయాను.

ఆయన అరుగు మీద ఎప్పటి మాదిరే కూర్చుని ఉన్నాడు. అమ్మ లోపల రాగులు విసురుతోంది. దగ్గరికి పోయి గొంతు తగ్గించి, "నాయనా, వల దొరికింది. అక్కల మడుగులో వుండాది" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. చేతిలో కర్ర పక్కన పెట్టాడు.

"చీకిందా?" అన్నాడు.

నీకెట్లా తెలిసింది, నువ్వెందుకు దిగావు, ఎవడు ముంచాడు... ఇవేవీ అడగలేదు. చీకిందా అన్నాడు. ఇంతకాలం అటకలు వెతికాను, పెదకాపును తిట్టుకున్నాను, కట్టుకున్నవాణ్ణి కూడా వదలలేదు. ఈ ఒక్క అరుగు వైపు మాత్రం నా అనుమానం తిరగనే లేదు.

"చీకలేదు," అన్నాను చివరకు.

"అబద్ధం జెప్పమాక. నెలపైన అయింది గదమ్మే. తియ్యనీళ్ళు, కదలని నీళ్ళు. ఎంత గట్టి వలైనా పేలికలైపోవాల."

"వొచ్చి చూసుకో."

వచ్చాడు. దిబ్బలు ఎక్కుతుంటే ఆయాసపడ్డాడు, నేను చెయ్యి అందివ్వలేదు. పొద కింద ఇసుక తోసి వల బయటకు లాగాను. ఆయన మోకాళ్ళ మీద కూలబడి, వల కన్ను ఒకటి పట్టుకుని రెండు చేతులా లాగాడు. ఎండకేసి చూశాడు. ఆఖరికి నోట్లో పెట్టుకుని పళ్ళతో కొరికి లాగాడు. తెగలేదు. ఆయన చిగుళ్ళ నెత్తురు మాత్రం దారానికి అంటింది.

"వర్షాలొచ్చేసరికి మన్నులో మన్నయిపోద్దనుకున్నా," అన్నాడు. "పోయిందిలే, మళ్ళీ మన వలలే దిక్కని అనుకుంటారనుకున్నా. ప్రమాణం అంటారని నేననుకున్నానా?"

"వాడు చచ్చిపోయుండేవాడు నాయనా!"

"మడుగొద్దని జెప్పినా గదమ్మే."

"జెప్పినావు. ఎందుకొద్దో జెప్పలా."

ఆయన తల వంచుకున్నాడు. నాకు ఆయన్ని కొట్టాలనిపించింది, ఒళ్ళో తల పెట్టుకుని ఏడవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

"పోలేరయ్య రేపు మద్రాసు బండెక్కతా వుండాడు," అన్నాను. "తనే దొంగనుకుంటుండాడు వాడు. సాయంత్రం పడవలు రాంగానే నువ్వే చెప్పు. లేకపోతే నేను చెప్తా."

"నువ్వు జెప్తే నీకు పుట్టిల్లుండదే."

"అయితే నువ్వే చెప్పు."

"పొద్దు వాలనీ. వొస్తాలే, పో."

పోలేదు. ఆయన మాట మీద పోయే ధైర్యం ఇక నాకు లేదు. ఆయన్ని వాళ్ళింటికే తీసుకొచ్చి, గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. మా అమ్మ మాలకొండమ్మకు ఏమీ తెలియదు. "తల తడిసిందేందే, జలుబు జేస్తాది" అని పాత పంచెతో నా జుట్టు తుడిచి, వేళ్ళతో చిక్కు తీసింది. ఆ వేళ్ళు నా తలలో తిరుగుతుంటే నాకు దుఃఖం ఆగలేదు. ఎండ దెబ్బని చెప్పాను.

పొద్దు వాలాక మా నాయన తనంతట తనే లేచాడు. దిబ్బల్లోకి పోయి వల భుజాన వేసుకొచ్చాడు. నేను వెనకాలే నడిచాను. ఒడ్డున చేపలు పంచుకుంటున్నారు. పోలేరయ్య దూరంగా ఒంటరిగా కూర్చుని ఉన్నాడు, మగవాళ్ళు వాడికి వీపు తిప్పి ఉన్నారు. నాయన ఆ వలను హజరత్తయ్య కాళ్ళ ముందు పడేశాడు.

"యాడిదిది!"

"అక్కల మడుగులోది."

అనుకున్నంతా అయింది. "చూసినారా! వీడు ముంచింది అక్కలే పట్టించినారు!" అని నాలుగు గొంతులు లేచాయి. పోలేరయ్య లేచి నిలబడ్డాడు.

"నోరు ముయ్యండ్రా," అన్నాడు మా నాయన. గట్టిగా కూడా అనలేదు. "ముంచింది నేను."

హజరత్తయ్య చేతిలో చేప జారి ఇసుకలో పడింది. "నువ్వా? ఎందుకు కామాక్షయ్యా?"

"చీకాలని. చీకలేదు. నేను అల్లింది ఒక్కటన్నా ఆ నీళ్ళలో వారం వుండేది గాదు." మా నాయన నవ్వినట్టు చేశాడు. "మీకింక నాతో పన్లేదు. ఆ సంగతి నా చేతుల్తో నేనే తేల్చినా." తర్వాత పోలేరయ్య వైపు తిరిగాడు. "అబ్బయ్యా, నీ కాలు పట్టుకున్నింది చిన్నక్క గాదురా. నేను."

పోలేరయ్య ఆయన్నే చూస్తూ నిలబడి, తర్వాత నీళ్ళలోకి నడిచి, అలల్లో కూర్చున్నాడు. పాలెంలో ఎవరూ వాడిని వెనక్కి పిలవలేదు, ఎవరికీ మొహం లేదు. మా ఆయన మాత్రం పోయి పక్కన కూర్చున్నాడు. అన్నదమ్ములిద్దరూ పంచెలు తడిసిపోయి ఇంటికి వచ్చారు. ఆ పూట వాడు కుండలో అన్నమంతా ఊడ్చేశాడు. నాకూ మా ఆయనకూ మిగిలింది మెతుకులే, అయినా ఆయన నోరెత్తలేదు.

మా నాయనకు తీర్పు ఒక్కటే ఇచ్చారు. ఇక మీద ఎవరూ కామాక్షయ్య చేతికి వల ఇవ్వకూడదు. కొట్టినా బాగుండేదనిపించింది నాకు. మా అమ్మ మా ఇంటి దాకా వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "కన్నకూతురివేనా నువ్వు?" అని అడిగి, జవాబు వినకుండా పోయింది. పోలేరయ్య వంక చూస్తే చేసింది సరిగ్గానే ఉంది. ఆ అరుగు వంక మాత్రం చూడలేక నీళ్ళ బిందెతో వేరే దారిన పోయేదాన్ని.

వైశాఖంలో ఒకరోజు పొద్దున, మా పడవకు నైలాను వల వంతు వచ్చింది. నేను చాకుతో కోసిన చోట పెద్ద కంత ఉంది, అందులోంచి చేపలు పోతున్నాయి. పోలేరయ్య ఆ వల భుజాన వేసుకుని, మా ఇంటివైపు కాకుండా మా నాయన ఇంటివైపు నడిచాడు. మొహం చూస్తే ఏమీ అర్థం కాలేదు. వాడు ఆయన్ని ఏం చేస్తాడో అని నాకు అనుమానం. చేపల బుట్ట అక్కడే పడేసి వెనకే పరిగెత్తాను.

వాడు అరుగు ముందు నిలబడి, వల ఆయన ఒళ్ళో పడేశాడు.

"కంత పడింది. బాగుజెయ్యి."

"నాకియ్యగూడదన్నారు గదరా," అన్నాడు మా నాయన, వలను ముట్టుకోకుండానే.

"వాళ్ళన్నారు. కాలు తెగింది నాది. నేనిస్తుండా."

మా నాయన అటూ ఇటూ చూశాడు. వీధిలో మస్తానమ్మ నిలబడి చూస్తోంది. చూడనీ. ఆయన చెయ్యి మెల్లగా కంత దగ్గరికి పోయింది. తెగిన కొసలు వెతికి పట్టుకుని, ఎప్పటి మాదిరే చిటికెలో ముడి వేశాడు. లాగితే జారిపోయింది. మళ్ళీ వేశాడు, తడి చేసి వేశాడు, పళ్ళతో బిగించాడు. నూలైతే కరిచిపట్టుకునే ముడి, నునుపు దారం మీద నిలబడలేదు. ఆయన నుదుటి మీద చెమట కారి ముక్కు మీదికి వచ్చింది. పాలెంలో సగం పడవలకు వలలు అల్లిన మనిషి.

"నాకు రాదురా," అన్నాడు.

ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఒడ్డు మీద దొంగనని ఒప్పుకున్నప్పుడు కూడా ఆయన గొంతు అట్లా కాలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

పోలేరయ్య చెరిగిపోని గాటున్న ఆ కాలు ముడుచుకుని ఆయన పక్కనే అరుగు మీద చతికిలబడ్డాడు.

"నాక్కూడా రాదు మామా. ఆ కొస ఇట్టా పట్టుకో, చూద్దాం."